ఎవ్వరి గింజా తడవని వాన

మృగశిర కార్తె ఇంకా రాలేదు. హనుమకొండలో మా ఇంటి వరండాలో పొద్దున్నే పేపరు చదువుకుంటున్న నాకు మేనల్లుడు నవీన్ ఫోను చేశాడు. "మామా, నాన్న దుకాణంల కుర్చీల కూసున్నోడు కూసున్నట్టే ఒరిగిపోయిండు. దవాఖానకు తీస్కచ్చినం. జర జల్ది రా" అన్నాడు. నేను వెళ్ళేసరికే డాక్టరు చెప్పవలసిన మాట చెప్పి వెళ్ళిపోయాడు. వరంగల్ బీటుబజారులో టార్పాలిన్ల చంద్రమౌళి అంటే చుట్టుపక్కల తెలియని రైతు ఉండడు. మా అక్క అనసూయకు భర్త, నాకు బావ, ఆ ఉదారహృదయుడు ఇక లేడన్న వార్త నా నెత్తిన పిడుగై పడింది.

ముందురోజు సాయంత్రమే ఆయన నాకు ఫోను చేశాడు. "బామ్మర్దీ, ఈసారి వానలు గట్టిగుంటయట. బండి తయారున్నది. ఆషాఢంల ముసురు పట్టంగనే పోదాం. నీ బట్టలు సదురుకో. పోయినసారి లెక్క ఒక్క బనీనుతోని రాకు" అన్నాడు. ఇంత నిబ్బరంగా బనీన్ల సంగతి మాట్లాడిన మనిషి తెల్లవారేసరికి లేకపోవడమేమిటి? ఆస్పత్రి వసారాలో నిలబడిన నాకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియని కోపం. అది ఇప్పటికీ పూర్తిగా పోలేదు.

బజారు మిత్రులు తెస్తున్న ఈ చిన్న సంచికకు బావ గురించి రాయమని నన్ను అడిగారు. డిగ్రీ కాలేజీలో తెలుగు చెప్పి రిటైరైనవాణ్ణి గనుక ఆ బాధ్యత నాకే తగుతుందని వారి ఉద్దేశం. బావ వింటే ఒప్పుకునేవాడు కాదు. "నేను పోతె నా మీద నువ్వు మాత్రం రాయకు. నువ్వు రాస్తె అది నేనే అని మా హమాలీలకు సుత తెల్వది" అని బతికుండగానే నన్ను హెచ్చరించాడు. ధర్మనిరతి, వాత్సల్యమూర్తి, కరుణాసముద్రుడు అన్న మాటలు నా కలం కొనకు వచ్చి కూర్చుంటున్నాయి. ఆయనకు భయపడి వీలైనన్నిటిని తోలేస్తున్నాను. ఒకటో రెండో మిగిలితే మన్నించగలవాడు ఆయనే.

బావది తండ్రి పెట్టిన దుకాణం. వడ్ల రాశులు, మక్కల రాశులు, పత్తి బండ్లు, ఇల్లు కప్పుకోను పెంకులు లేనివాళ్ళ గుడిసెలు, వీటన్నిటి మీద కప్పే టార్పాలిన్లు అమ్మేవాడు. మా దిక్కు జనం వాటినే పరదాలంటారు. ఎప్పుడు పక్కన కూర్చున్నా ఆయన చొక్కా నుంచి కొత్త పరదా వాసన వచ్చేది. గొంతు పెద్దది. రైతు ఎవరైనా పరదా మడిచి చంకన పెట్టుకుని పోతుంటే వెనక నుంచి కేకేసేవాడు: "సాపుగ కట్టకు తాతా! వాలుగ కట్టు, నీళ్ళు నిలుస్తయ్!" కొన్నవాడికీ చెప్పేవాడు, కొనకుండా పోయేవాడికీ చెప్పేవాడు. చౌరస్తా దాకా వినపడేది.

ఆ దుకాణంలో పుట్టి పెరిగినవాడికి వానంటే సరదా ఎట్లా ఉంటుంది? కానీ ఉండేది. అది ఎందుకో నాకు కేసముద్రంలో తెలిసింది. యాసంగి వడ్లు అక్కడి మార్కెట్ యార్డుకు వచ్చే రోజులు. నేను ఊరికే కబుర్లకు దుకాణానికి పోయిన మధ్యాహ్నం, యార్డు నుంచి ఎవరో రైతు ఫోను చేశాడు. "సేటూ, మొగులైంది. వడ్లన్ని బయటనే ఉన్నయ్" అన్నాడు. మబ్బు మాట వినగానే బావ దుకాణంలో ఉన్న పరదాలన్నీ ట్రాలీ ఆటోలో వేయించి, వాటితో పాటు నన్ను కూడా ఎక్కించాడు. "నువ్వు కూసో బామ్మర్దీ, బరువుకు పనికొస్తవ్" అన్నాడు. మేము యార్డు గేటులో అడుగు పెట్టడమూ చెడగొట్టు వాన మొదలవడమూ ఒక్కసారే జరిగాయి. ఆడవాళ్ళు కొంగులు పరిచి రాశుల మీద బోర్లా పడుతున్నారు. బావ పరదాలు విసురుతూ, కొసలు లాగుతూ, తడుస్తూ ఒకటే పరుగు. ఒక మూల ఒక ముసలాయన రాశి మేము అందుకునేలోపే కాలువలో కొట్టుకుపోయింది. ఆయన నీళ్ళలో కూర్చుని గింజల్ని పిడికిళ్ళతో ఏరుతున్నాడు. బావ వెళ్ళి ఆయన పక్కన కూర్చుని తానూ ఏరడం మొదలుపెట్టాడు. ఇద్దరూ వాన వెలిసేదాకా ఏరుతూనే ఉన్నారు.

తిరుగుదారిలో బావ వరంగల్ దగ్గర పడ్డాక అన్నాడు: "అందరు మొగులు జూస్తె సంబురపడ్తరు. నాకేమో మొగులైతె ముందుగాల గిరాకి యాదికొస్తది. అటెన్క గిసొంటి ముసలాయన యాదికొస్తడు. జిందగీల ఒక్కసారన్న ఎవ్వరి గింజ తడవని వాన చూడాలె బామ్మర్దీ. ఊరికె కూసోని చూడాలె."

"అట్లాంటి వాన సముద్రం మీద కురుస్తుంది బావా. ఓడ ఎక్కు" అన్నాను. నాకు తడి బట్టల్లో హాస్యం కాస్త ఎక్కువే పుడుతుంది. ఆయన మాత్రం దాన్ని సలహాగానే తీసుకుని ఆలోచించాడు. "సముద్రమెందుకు? ఆషాఢంల కురుస్తది. అందరు నాట్లేసేటప్పుడు. అప్పుడు కళ్ళాలల్ల గింజ ఉండదు, యార్డుల గింజ ఉండదు. ఆ వాన పడాల్నని అందరు మొక్కుతరు. గా వాన చూడాలె" అన్నాడు. కోరిక ఎట్లా ఉండాలో అప్పటికి నేను చాలా కావ్యాలలో చదివి ఉన్నాను. ఇంత శుభ్రమైన కోరిక మాత్రం వినలేదు.

నవీన్ దుకాణం అందుకున్నాక బావ చేతులు ఖాళీ అయ్యాయి. అప్పుడు చేసిన మొదటి పని, ఎక్కడో ఒక బడి వాళ్ళు వదిలించుకున్న పసుపుపచ్చ వ్యాను కొనుక్కు రావడం. దాన్ని ఖిలా వరంగల్ దారిలో వెల్డింగ్ షెడ్డు నడిపే యాకూబ్ దగ్గర పెట్టాడు. పిల్లల సీట్లు పీకించి, పగలు బల్లలుగా రాత్రి మంచంగా మారే రెండు చెక్కలు బిగించారు. ఒక మూల గ్యాస్ పొయ్యి, ఒక మూల నీళ్ళ డ్రమ్ము. కాశిబుగ్గ నేతగాళ్ళ దగ్గర నేయించిన జంపఖానాలు పరిచారు. పక్కకు విప్పి కర్రల మీద నిలబెడితే చిన్న వసారా అయ్యేట్టు ఒక పరదా బావే స్వయంగా కుట్టాడు. పసుపు రంగు మాత్రం మార్చలేదు. "ముసుర్ల మంచిగ కనపడ్తది" అన్నాడు. నేను దానికి సంచార నికేతనం అని పేరు పెట్టాను. "ఆ పేరు రాసుటానికి ఇంకో బండి కొనాలె" అని తోసిపుచ్చాడు.

అక్కకు ఈ వ్యవహారం బొత్తిగా నచ్చలేదు. "ఇంత ఇల్లు పెట్టుకోని రోడ్ల పొంటి పండుడేంది? ఎవలన్న చూస్తె దివాలా తీసిండ్రనుకుంటరు" అంది. బావ వెళ్ళి వ్యానులో ఆమె కూర్చునే చోట కిటికీని కొంచెం కిందికి దింపించాడు. అక్క పొట్టి మనిషి. బస్సుల్లో, కార్లలో ఆమెకు ఎప్పుడూ ఆకాశం తప్ప రోడ్డు కనపడదు. ఆ కిటికీలోంచి చెట్లు మొదలంటా కనపడ్డాయి. ఆ తరువాత దివాలా మాట ఎత్తలేదు.

మొదటి ప్రయాణం రామప్ప దాటి తాడ్వాయి అడవి దాకా. ఆ ప్రయాణంలో జరిగిన ఘనకార్యం బజారులో అందరికీ తెలియాలని నా చిరకాల వాంఛ. దారి పక్కన చదునైన చోటు చూసి బండి ఆపి, బావ పరదా విప్పి వసారా కట్టాడు. దాని కింద అక్క సర్వపిండి పెడుతోంది. నేను మడత కుర్చీలో కూర్చుని పళ్ళెం ఒళ్ళో పెట్టుకుని ఎదురుచూస్తున్నాను. వాన జోరందుకుంది. కాసేపటికి పరదా నడిమధ్య పొట్ట దిగి, నిండు చూలాలిలా వేలాడసాగింది. "బావా, సాపుగా కట్టినట్టున్నావు" అన్నాను. "ఊకో, నాకు చెప్తానవా?" అంటూ లేచి ఒక కర్రతో దాన్ని కింది నుంచి ఎత్తిపొడిచాడు. అంతే. ఆ నీళ్ళన్నీ పొయ్యి మీద, పిండి మీద, ముఖ్యంగా నా మీద పడ్డాయి. అందరి రాశులూ వాలుగా కట్టించిన మహాశయుడు తన పరదా సాపుగా కట్టుకున్నాడు! అక్క నవ్వి నవ్వి బండి చక్రానికి ఆనుకుని కూర్చుండిపోయింది. బావ ఏమాత్రం సిగ్గుపడకుండా తడిసిన సర్వపిండి ముక్క తుంచి నోట్లో వేసుకుని, ఆకాశం వైపు చూసి, "వాన మంచిగున్నది బామ్మర్దీ" అన్నాడు.

ప్రతి ప్రయాణంలోనూ ఆ మాట అనేవాడు. అని నా వైపు చూసేవాడు, నేనూ అనాలని. నేను అనేవాణ్ణి కాదు. పంచె అంచులు పిండుకుంటూ "నీకు మంచిదే" అనో, "చలి పెడుతోంది" అనో అనేవాణ్ణి. ఆయన విసుక్కునేవాడు కాదు. "అంటవ్ తియ్, ఎప్పుడో ఒకనాడు అంటవ్" అని టీ గ్లాసు నా చేతికిచ్చేవాడు. నన్ను ఆటపట్టించే హక్కు ఆయనది, లొంగకపోయే హక్కు నాది. మా బావాబామ్మర్దుల సంబంధం అట్లా సాగింది.

పసుపుపచ్చ బండి కాబట్టి బడి బండి అనుకుని, వానలో దారి పక్కన నిలబడ్డవాళ్ళు చెయ్యెత్తేవారు. బావ ప్రతివాళ్ళకూ ఆపేవాడు. నర్సంపేట దాటాక ఒకసారి నాట్ల కూలికి పోయి వస్తున్న ఆడవాళ్ళు ఎక్కారు. మోకాళ్ళ దాకా బురద. జంపఖానాల గతి ఏమైందో చెప్పనక్కరలేదు. లోపల పొయ్యి, పరుపు చూసి వాళ్ళు బిత్తరపోయారు. "ఏడికి పోతాండ్లన్నా?" అని ఎల్లమ్మ అనే ఆమె అడిగింది. "ఏడికి లేదు చెల్లే. వాన చూడనీకె వచ్చినం" అన్నాడు బావ. బండంతా ఒకటే నవ్వు. "వాన చూడనీకె వస్తరా? మేం పొద్దుందాక దాంట్లనే ఉంటానం కదనే! రేపు మా పొలంకాడికి రా, కడుపు నిండ చూపిస్త" అంది ఎల్లమ్మ. ఆమె నెత్తి మీద యూరియా సంచి చింపి వేసుకున్న కొప్పెర ఒకటుంది, అది చిరిగిపోయి ఉంది. బావ కూడా నవ్వాడు. వాళ్ళు దిగేటప్పుడు బల్ల కింది నుంచి నీలం షీటు ముక్కలు తీసి తలా ఒకటి ఇచ్చాడు. తెల్లవారి నిజంగానే వాళ్ళ పొలం గట్టు మీదికి వెళ్ళి, గొడుగు కూడా లేకుండా నిలబడి వచ్చాడు. వచ్చాక రెండు రోజులు తుమ్మాడు.

ఇక ఆ బండి పైకప్పు సంగతి చెప్పాలి. లోపల ఉక్కగా ఉంటుందని బావ పట్టుబట్టి యాకూబ్‌తో పైన గాలికి ఒక కంత కోయించి, దానికి మూత పెట్టించాడు. ఆ నాటి నుంచి బండి కురవడం మొదలుపెట్టింది. కురిసేది కూడా ఇంకెక్కడా కాదు, సరిగ్గా అక్క దిండు మీదే. తారు పూశాడు, రబ్బరు పట్టీ వేశాడు, యాకూబ్‌తో రేకు అతికించాడు. ఎన్ని చేసినా చుక్క దారి వెతుక్కుని అక్కడికే వచ్చేది. అక్క ఇంటి నుంచి ఒక సత్తు గిన్నె తెచ్చి దిండు పక్కన పెట్టింది. మధ్యాహ్నం తిని నడుం వాల్చితే, ఆ ఖాళీ గిన్నెలో మొదటి చుక్క టంగుమనేది. నీళ్ళు చేరినకొద్దీ చప్పుడు మెత్తబడి టప్పు టప్పుమనేది. ఆ చప్పుడుకే అక్క నిద్రపోయేది. లేవగానే మొదలుపెట్టేది: "ఊరందరికి పరదాలు అమ్మిన మనిషి, పెండ్లాం నెత్తి మీద ఒక్క చుక్క ఆపలేకపాయె!"

తమాషాకే అనేది. కానీ ఆ మాట ఆయనకు ఎక్కడో తగిలేది. ఎవరేమన్నా నవ్వేసే మనిషి, అక్క ఆ మాటంటే లేచి వెళ్ళి పైకప్పు తడిమి చూసేవాడు. పోయిన ఏడు తిరుగు ప్రయాణంలో, నా ముందరే, స్టీరింగ్ మీద చెయ్యేసి అన్నాడు: "అనసూయా, వచ్చే ముసురుకు నీ మీద ఒక్క చుక్క పడనియ్య. ఇది నా మాట. పడ్డదనుకో, బండి అమ్మేస్త." అక్క మూతి తిప్పింది. "చూద్దాం తియ్" అంది. ఏడాది పొడుగునా ఆ పందెం ఇంట్లో నలిగింది. వేసవిలో నేను ఎప్పుడు అడిగినా, "జర ఆగు, వాననే చెప్తది" అనేవాడు.

వాన వచ్చింది. ఆయనను వాకిట్లో పడుకోబెట్టిన నాడే వచ్చింది. ఏడాదిలో అదే తొలివాన. షామియానా ఏపాటి ఆగుతుంది? చుక్కలు ఆయన మీద పడడం మొదలైంది. హమాలీలు దుకాణానికి పరుగెత్తి పెద్ద పరదా తెచ్చి, పైకెక్కి, ఏడుస్తూ కడుతున్నారు. తండ్రి కాళ్ళ దగ్గర తల వంచుకుని కూర్చున్న నవీన్ ఒక్కసారి తలెత్తి చూశాడు. "అరే, సాపుగ కట్టకుండ్రి! వాలుగ కట్టుండ్రి, నీళ్ళు నిలుస్తయ్!" అని అరిచాడు. మాట ఆయనది, గొంతూ ఆయనదే. పొద్దుటి నుంచి కళ్ళు తడవని అక్క అప్పుడు గొల్లుమంది. నాకు కూడా అప్పటికి గానీ దుఃఖం రాలేదు. ఒక మనిషి పోవడమంటే ఏమిటో పుస్తకాల్లో ఎన్నోసార్లు పాఠం చెప్పాను. నాకు తెలిసింది మాత్రం ఆనాడే.

మాసికం పెట్టిన తరువాత బండి ఏం చేయాలన్న మాట వచ్చింది. నవీన్ "అమ్మ ఎట్లంటె గట్ల" అన్నాడు. చుట్టాలు అమ్మేయమన్నారు. అక్క అంతా విని, నా వైపు తిరిగి, "తమ్మీ, ముసురు పట్టంగనే పాకాల పోదాం. యాకూబ్ నడుపుతడు" అంది. ఇంట్లో గగ్గోలు లేచింది. బావకు చిన్నమ్మ అయ్యే పెద్దావిడ ముక్కున వేలేసుకుంది. "ఏడాది నిండకముందే గడప దాటి సైరుకు, షికారుకు పోతవా అనసూయా? నలుగురు ఏమంటరు?" అంది. నలుగురూ ఏమంటారో చెప్పడానికి ఆ నలుగురూ అక్కడే ఉన్నారు. నాకు నోరు ఊరుకోక ఆ ముక్కే అందామనుకున్నాను. అక్క నన్ను కళ్ళతోనే ఆపింది. "నేను సైరుకు పోతలేను చిన్నత్తా. ఆయన నాకొక మాట ఇచ్చిండు. అది నిలవడ్డదా లేదా చూడాలె. చుక్క పడ్డదంటే నేనే బండి అమ్మిస్త" అంది. ఆ పైకప్పు సంగతి నాకు తెలుసు. చుక్క పడితే, పోయిన మనిషి మాట కూడా పోయిందని అక్క జీవితాంతం అనుకుంటుంది.

ఆషాఢం చివర ముసురు పట్టింది. యాకూబ్ బండి తీశాడు. బావ స్థానంలో కూర్చోవడానికి ముందు స్టీరింగ్‌కు దండం పెట్టుకున్నాడు. అక్క తన కిటికీ దగ్గర కూర్చుంది, ఒళ్ళో సత్తు గిన్నె. నర్సంపేట దాటాక నాట్ల ఆడవాళ్ళు దారి పక్కన చెయ్యెత్తారు. యాకూబ్ అద్దంలోంచి అక్క ముఖం చూశాడు. "ఆపు బిడ్డా" అంది. ఎక్కినవాళ్ళలో ఎల్లమ్మ ఉంది. నెత్తి మీద బావ ఇచ్చిన నీలం షీటు ఉంది. బండిని గుర్తుపట్టి, "అన్న ఏడక్కా? వాన చూడనీకె రాలేదా?" అని నవ్వుతూ అడిగింది. "పోయిండు చెల్లే" అంది అక్క. ఎల్లమ్మ ఆ షీటు నెత్తి మీది నుంచి తీసి చేతుల్లో పట్టుకుంది. వాళ్ళ ఊరు వచ్చేదాకా అట్లాగే పట్టుకుని కూర్చుంది. దిగేటప్పుడు అక్క కాళ్ళకు మొక్కబోతే అక్క వద్దని ఆమె చెయ్యి పట్టుకుంది.

పాకాల చెరువు కట్ట దగ్గర, బావ ఎప్పుడూ ఆపే చోటే ఆపాము. వసారా పరదాను యాకూబ్, నేను కలిసి కట్టాం. వాలుగానే కట్టాం. మధ్యాహ్నానికి ముసురు కాస్తా జడివాన అయింది. చెరువు అవతలి గట్టు కనపడకుండా పోయింది. తెచ్చుకున్న పెరుగన్నం ఎవరమూ సరిగా తినలేదు. అక్క మంచం మీద దిండు సరిచేసి, దాని పక్కన గిన్నె పెట్టి, గోడకు ఆనుకుని కూర్చుంది. ముగ్గురమూ పైకప్పు వైపు చూస్తూ ఉన్నాము. రేకు మీద వాన దరువు వేస్తోంది. ఇంత వాన ఈ బండి మీద ఎన్నడూ పడలేదు. పెళ్ళిచూపుల్లో కూడా నేను అంత భయపడి ఎరుగను.

చుక్క పడలేదు. చాలాసేపు చూశాం. అక్క చేయెత్తి ఆ మూత చుట్టూ తడిమింది. వేళ్ళు పొడిగానే వచ్చాయి. గిన్నె అడుగున వేలు పెట్టి రాసి చూసింది. అదీ పొడిగానే ఉంది.

అప్పుడు యాకూబ్ నోరు విప్పాడు. "అమ్మా, సేటు ఎండకాలంల మా షెడ్డుకు వచ్చిండు. వాళ్ళ బాపు నాటి మందం కాన్వాసు పరదా ఒకటి దాసిపెట్టుకున్నడంట, అది తెచ్చిండు. నన్ను చెయ్యి పెట్టనియ్యలే. మండుటెండల బండి పైన కూసోని తనే కోసి, తనే మైనం రాసి, తనే అతికిచ్చిండు. 'సేటూ, దిగుండ్రి, పానం ఖరాబైతది' అంటె ఇన్లే. 'మా ఇంటామెకు చెప్పకు. వాననే చెప్పనీ' అన్నడు." చెప్పి, భుజం మీది తువాలుతో ముఖం తుడుచుకుని, చెరువు వైపు తిరిగి నిలబడ్డాడు.

అక్క ఏడవలేదు. పైకప్పు కేసి చూస్తూ, ఆయన ఎదురుగా కూర్చున్నట్టే, "గింత మంచిగ చేసినవా" అంది. కాసేపు కళ్ళు మూసుకుని పడుకుంది. అటు దొర్లింది, ఇటు దొర్లింది. లేచి కూర్చుంది. "సప్పుడు లేకుంట నిద్ర పడ్తలేదురా తమ్మీ" అంది. గిన్నె తీసుకుని, బండి మెట్టు దిగి, వసారా పరదా అంచున నీళ్ళు కారే చోట కింద పెట్టింది. ఖాళీ గిన్నెలో మొదటి చుక్క టంగుమంది. వచ్చి పడుకుంది. గిన్నె నిండి చప్పుడు మెత్తబడేసరికి నిద్రపోయింది.

నేను మడత కుర్చీ వేసుకుని, బావ కుర్చీ కూడా పక్కన వేసి, పరదా కింద కూర్చున్నాను. ఆ వానకు ఏ యార్డులోనూ ఎవ్వరి గింజా తడవడం లేదు. పొలాల్లో నాట్లు పడుతున్నాయి. మా అక్క పొడి దిండు మీద నిద్రపోతోంది. బావ కోరుకున్న వాన అచ్చంగా ఇదే. చూడవలసిన మనిషి ఒక్కడే లేడు. ఆయనకు సాటి వచ్చేవాడు మా బజారులో మళ్ళీ పుట్టడని సభల్లో అంటారు, నేనూ అన్నాను. ఆ మాటలో ఎంత బరువుందో పక్కనున్న ఖాళీ కుర్చీని చూస్తుంటే తెలిసింది. నా దగ్గరున్న పెద్ద పెద్ద మాటల్లో ఒక్కటీ ఆయనకు అక్కరలేదు. ఆయన నా నోట వినాలనుకున్నది ఒక్కటే మాట, అదీ తన భాషలో.

"వాన మంచిగున్నది బావా" అన్నాను, ఖాళీ కుర్చీ వైపు తిరిగి, వానలో వినపడేటంత గట్టిగా.